కాలువ గట్టు మీద శనివారం: తల్లిదండ్రులకు ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్న శనివారం ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని మన విజయవాడలోనే గుణదల దగ్గర ఏలూరు కాలువ గట్టుకి తీసుకెళ్ళాం. గోనెసంచులు పట్టుకుని వాళ్ళు చెత్త ఏరుతున్న ఫొటోలు మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయని తెలుసు. "బడికి పంపింది చదువుకోడానికా, చెత్త ఎత్తడానికా" అన్న మెసేజీ కూడా నాదాకా వచ్చింది. ఆఫీసు రూముకొచ్చి నేరుగా అడిగినవాళ్ళకి అప్పుడే చెప్పాను, వాళ్ళు అలా వచ్చి అడిగినందుకు సంతోషం కూడా. మిగతా అందరికీ ఇక్కడ చెప్తున్నాను.

ముందు మీ టెన్షన్ సంగతి. ఒక్కరంటే ఒక్కరు కూడా నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు, మెట్ల దగ్గర పీఈటీ సారు, టీచర్లు అడ్డంగా నిలబడ్డారు. అందరికీ గ్లౌజులు, మాస్కులు ఇచ్చాం. గాజుపెంకులు, సిరంజీలు ముట్టుకోవద్దని ముందురోజే క్లాసులో చెప్పాం, అలాంటివి కనిపించిన చోట ముగ్గుతో గీత గీసి మున్సిపాలిటీ వాళ్ళకి చూపించాం. అనుమతి పత్రం డైరీలో పంపాం. వచ్చిన ప్రతి పిల్లవాడి పత్రం మీద ఇంట్లోవాళ్ళ సంతకం ఉంది. డైరీలో సంతకం పెట్టేముందు ఒక్క నిమిషం చదవండని ఏటా అడుగుతూనే ఉన్నాను, ఇంకోసారి అడుగుతున్నాను.

రెండో మాట కొంచెం బాధతో చెప్తున్నాను. "మా వాడు చెత్త ఏరేవాడిలా కనిపిస్తున్నాడా" అని ఒకరు రాశారు. తెల్లవారుజామునే లేచి ఈ ఊరి వీధులు ఊడ్చేవాళ్ళ పిల్లలు మన బడిలో, మీ పిల్లల పక్క బెంచీల మీదే కూర్చుని చదువుకుంటున్నారు. ఫోన్లు వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉన్నాయి, ఆ మెసేజీ వాళ్ళూ చదివారు. అమ్మ చేసే పని తప్పు పనా అని ఒక పిల్ల వాళ్ళ క్లాస్ టీచర్ని అడిగింది. ఇంతకంటే నేను రాయను.

సంచుల్లో ఏం దొరికిందో కూడా మీకు తెలియాలి. కార్తీక పౌర్ణమి వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు కదా, ఎక్కడ చూసినా థర్మోకోల్ దొప్పలు, ముడేసిన క్యారీబ్యాగుల్లో పూజ పూలు, అద్దం పగిలిన దేవుడి పటాలు, పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, పేపర్ గ్లాసులు. ఇవి ఫ్యాక్టరీల నుంచి వచ్చినవి కావు, మన ఇళ్ళల్లోంచి వచ్చినవే. పూలు నీళ్ళలో కలపాలన్న భక్తి నాకు అర్థమవుతుంది, నేనూ కార్తీక దీపాలు పెట్టేదాన్నే. కానీ బండి ఆపకుండా వంతెన మీద నుంచి కవరుతో సహా విసిరేస్తే పూలు నీళ్ళలో కలవవండీ, ఆ కవర్లోనే కుళ్ళుతాయి. ఇంట్లో ఒక కుండీలో మట్టితో కలిపి వేస్తే నాలుగు నెలల్లో తులసమ్మకే ఎరువవుతుంది.

ఈ కాలువల గురించి నేను ఎక్కువ మాట్లాడతానని పిల్లలు అంటుంటారు, నిజమే. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక, ఈ రోజుకీ డెల్టా బతికేది ఈ కాలువల మీదే. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ మన ఊరి మధ్య నుంచే వెళ్తాయి. మనం ముక్కు మూసుకుని దాటే ఈ నీళ్ళే దిగువన వరి మళ్ళకి పారతాయి, ఎండాకాలం ముందు ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువులు నింపుకునేదీ కాలువ నీళ్ళతోనే. మీలో చాలామంది సొంతూళ్ళు ఆ దిగువనే ఉన్నాయి, పండక్కి వెళ్తే మీరు తాగేదీ ఆ చెరువు నీళ్ళే. ఇక బుడమేరు సంగతి. మైలవరం వైపు కొండల్లో పుట్టి, మన ఊరు దాటి కొల్లేరులో కలుస్తుంది. సింగ్ నగర్‌లో ఆ వాగులో పడేసిన కవరు గూడబాతులు గుడ్లు పెట్టుకునే సరస్సు దాకా పోతుంది, ఆ కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు మన పిల్లల పుస్తకాలు, యూనిఫాంలు కూడా ఆ బురదలోనే పోయాయి. అప్పుడు బుడమేరు గట్టుకి గండ్లు పడింది ప్లాస్టిక్ వల్ల అని నేను అనను, గట్లు, ఆక్రమణలు ప్రభుత్వం చూసుకోవాల్సిన పనులు. కానీ మామూలు వానకి మన వీధిలో మోకాలి లోతు నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో తెలియాలంటే గడప దిగి సైడు కాలువలోకి ఒకసారి తొంగి చూడండి.

పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. ఎనిమిదో తరగతి అబ్బాయిలిద్దరు గట్టు మీద నుంచే లకుముకి పిట్టని, నీటికాకిని, తెల్లకొంగల్ని గుర్తుపట్టి నోటుబుక్కులో బొమ్మలు గీశారు, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఏరిన చెత్తని రకాలుగా విడదీసి చార్టు చేశారు, స్టాఫ్ రూము బయట పెట్టాం, వచ్చినప్పుడు తప్పకుండా చూడండి. ఏడో తరగతి బి సెక్షన్ పాప ఒకతి, క్లాసులో నోరు విప్పని పిల్ల, అటు వచ్చిన ఒక పెద్దాయన కవరు విసరబోతే "తాతగారూ, పూలు నాకివ్వండి, మా బడి ఎరువు గుంతలో వేస్తాను" అంది. ఆయన ఇచ్చేశారు. ఆ మాట వింటుంటే నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

అదే పాప మర్నాడు తడి చెత్త, పొడి చెత్త వేరు చేద్దామంటే ఇంట్లో "నోరు మూసుకుని చదువుకో" అన్నారట. అలా అనకండి, దయచేసి. తడి, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయాలని 2016 నుంచి నిబంధనే ఉంది, బడిలో నేర్పేదీ అదే. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించి పారేయకుండా ముక్క ప్యాకెట్‌కే అంటి ఉండేలా కోయండి, ఆ చిన్న ముక్కలే ఎవరి చేతికీ చిక్కకుండా కాలువలకి చేరేది. రాలిన ఆకులకి నిప్పు పెట్టొద్దు, ఉదయం ప్రార్థనకి ఆయాసంతో దగ్గే పిల్లలున్నారు. పుట్టినరోజుకి ప్లాస్టిక్ స్పూన్లు, థర్మోకోల్ అలంకరణ పంపొద్దని నోటీసు బోర్డు మీద రాసి ఉంది, 2022 జులై నుంచి అవి దేశమంతా నిషేధమే, అయినా వారానికొకరు పంపుతూనే ఉన్నారు. ఇక నుంచి వాటిని గేటు దగ్గరే తిప్పి పంపిస్తాం, పిల్లల ముందు చిన్నబోవద్దు. టిఫిన్‌కి స్టీలు డబ్బా చాలు.

ఎస్ఏ-1 పరీక్షల టైం టేబుల్ డైరీలో అతికించాం, బస్సు ఫీజు బకాయిలు ఈ నెలాఖరులోగా కట్టండి, ఐడీ కార్డు పోగొట్టుకున్నవాళ్ళు క్లర్కుని కలవండి.

పోలి పాడ్యమి వస్తోంది. ముందురోజు సాయంత్రం బడిలో పిల్లలచేత అరటి దొప్పలు చేయిస్తున్నాం, పెరట్లో గెల కోసేసిన అరటి చెట్టు ఉన్నవాళ్ళు బోదె పంపండి, లేనివాళ్ళు వచ్చి రెండు దొప్పలు పట్టుకెళ్ళండి. నూలు వత్తి, ఆవు నెయ్యి మీ ఇంటివే. ఆ తర్వాతి శనివారం మళ్ళీ కాలువ గట్టుకి వెళ్తాం. ఈసారి పత్రంలో "నేనూ వస్తాను" అని తల్లిదండ్రులకి ఒక గడి పెట్టాం. గ్లౌజులు బడే ఇస్తుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు