హరిత హైడ్రోజన్‌కు రాత్రి కరెంటు ఎక్కడిది?

సంపాదకులకు,

అనకాపల్లి జిల్లా పూడిమడక హరిత హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో శంకుస్థాపన చేశారు. అప్పటి నుంచి పెట్టుబడి ఎంత, ఉద్యోగాలు ఎన్ని అన్నదే చర్చ. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలన్నది లక్ష్యం. అది నిజంగా హరితమో కాదో తేల్చేది మాత్రం కరెంటు మీటరు.

కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల శుద్ధజలం, 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే గ్రిడ్ కరెంటుతో తీసిన కిలో హైడ్రోజన్‌కు 35 కిలోల పైమాటే. రిఫైనరీలు, ఎరువుల కర్మాగారాలు సహజవాయువు నుంచి తీసే హైడ్రోజన్‌కు అయ్యేది 9, 10 కిలోలు. 'హరిత' అనిపించుకోవడానికి 2023 ఆగస్టులో కేంద్రం పెట్టిన హద్దు 2 కిలోలు.

సౌర విద్యుత్తు ఉండగా గ్రిడ్ జోలికి ఎందుకు వెళ్తారంటే, కారణం యంత్రంలోనే ఉంది. నీటిని విడగొట్టే యంత్రాల్లో ఒక రకమైన ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్‌లో 30 శాతం దాకా పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రావణం 70–90 డిగ్రీల వేడిలో తిరుగుతుంటుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలవకుండా నడుమ ఒక సన్నటి పొర ఉంటుంది. ఆ పొర గుండా కాస్త హైడ్రోజన్ ఆక్సిజన్ వైపు జారుతూనే ఉంటుంది. పూర్తి లోడు మీద అది లెక్కలోకి రాదు. మబ్బు పట్టి లోడు పడిపోతే ఆక్సిజన్ తయారీ తగ్గుతుంది, జారే హైడ్రోజన్ మాత్రం పెద్దగా తగ్గదు. ఆక్సిజన్‌లో అది 4 శాతం చేరితే నిప్పంటుకుంటుంది కాబట్టి, 2 శాతం దగ్గరే యంత్రం దానంతటదే ఆగిపోయేలా (ట్రిప్) పెడతారు. అందుకే ఈ రకంలో చాలావాటిని 20–30 శాతం లోడుకు తక్కువగా నడపలేరు.

పోనీ ఆపేద్దామా అంటే, నైట్రోజన్ పంపి లోపలి వాయువులను వెళ్లగొట్టాలి. చల్లారిన ద్రావణాన్ని మళ్లీ వేడెక్కించాలి. ఆపిన ప్రతిసారీ ఎదురు కరెంటు పారి ఎలక్ట్రోడ్ల నికెల్ పూత కొంత దెబ్బతింటుంది. రోజూ సాయంత్రం ఆపి పొద్దున్నే మొదలుపెట్టాలని ఏ ప్లాంటు యాజమాన్యమూ కోరుకోదు. అంత ఖరీదైన యంత్రాన్ని ఐదారు గంటలే నడిపితే ధర కూడా గిట్టదు.

దీనికి నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. పగలు మిగిలిన సౌర విద్యుత్తును 30 రోజుల వరకు గ్రిడ్‌లో 'బ్యాంకు' చేసుకుని రాత్రి వాడుకోవచ్చు. ఉద్గారాలను 12 నెలల సగటుగా చూపవచ్చు. కాగితం మీద లెక్క సరిపోతుంది, అర్ధరాత్రి ఆ లోడు మోసేది మాత్రం ఎక్కువగా బొగ్గే. చిన్న లోడయితే వదిలేయవచ్చు. 1,500 టన్నులంటే రోజుకు సుమారు 7.8 కోట్ల యూనిట్లు, అంటే 24 గంటలూ 3,250 మెగావాట్లు. పరవాడలోని సింహాద్రి కేంద్రం మొత్తం సామర్థ్యమే 2,000 మెగావాట్లు!

కాబట్టి ఏ గంటలో ఎన్ని యూనిట్లు వాడారు, అదే గంటలో తమ సౌర, పవన కేంద్రాలు ఎన్ని ఇచ్చాయి అన్నది నిర్వాహకులు ప్రజల ముందు పెట్టాలి. తక్కువ పడ్డ గంటల్లో ఎలక్ట్రోలైజర్ యూనిట్లన్నిటినీ (స్టాకులు) సగం లోడు మీద ఈడ్చకుండా, కొన్నిటిని ఆపి మిగతావాటిని నిండుగా నడపవచ్చు. సీమలో పవన విద్యుత్తు ఉంది. మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజి కేంద్రాలూ ఉన్నాయి. వాటి నుంచి రాత్రికి ఎంత తీసుకుంటారో ఒప్పందంలోనే రాయించాలి.

నీటి గురించి ఒక్క మాట. సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి ఘనమీటరుకు 3, 4 యూనిట్లు చాలు. మొత్తం కరెంటులో అది ఒక శాతం కూడా కాదు. చిక్కు మిగిలిపోయే చిక్కటి ఉప్పునీటితోనే. సముద్రపు నీటికంటే బరువు కాబట్టి ఒడ్డున వదిలితే అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది. లోతు నీటి దాకా పైపు వేసి, చివర చాలా రంధ్రాలున్న డిఫ్యూజర్‌తో చెదరగొట్టాలి. ఆ పైపు సముద్రంలో ఎక్కడ ముగుస్తుందో పూడిమడక మత్స్యకారులకు మ్యాపు మీద చూపించి, వారి మాట విన్నాకే ఖాయం చేయాలి.

– ఒక కెమికల్ ఇంజనీరు, గాజువాక, విశాఖపట్నం