ఆ పాట చెరిపింది మీ తమ్ముడు కాదురా

ఒరేయ్,

ఫోన్లో చెబితే సగం వినకుండానే నవ్వేసి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా కూర్చుని చదువు. ఇందులో నేను ఒప్పుకోవలసిన నేరం ఒకటుంది. అది ఎక్కడుందా అని ముందే చివరి పేజీకి పోకు.

మొన్న అటక సర్దుతుంటే పాత అట్టపెట్టె ఒకటి బయటపడింది. పైన నీ రంగుల క్యూబు. ఎర్నో రూబిక్ 1974లో తయారుచేసిన ఆ బొమ్మని ఎన్ని రకాలుగా తిప్పిపెట్టొచ్చో లెక్కేస్తే, 43 రాసి దాని పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినంత దాకా పోతుందట. ఎంత కలగాపులగంగా ఉన్నా ఇరవై తిప్పుల్లో సర్దేయొచ్చని 2010లో తేల్చారు. మనవాడికి ఆ ఇరవై కూడా అక్కర్లేదు కదా! గోటితో స్టిక్కర్లు పీకి, రంగు చూసి అతికించి, "పది నిమిషాల్లో చేసేశా" అని వీధంతా తిరిగావు. మూలలు లేచిపోయిన స్టిక్కర్లు ఇప్పటికీ సాక్ష్యం చెబుతున్నాయి.

సరే, క్యూబు సంగతి అలా ఉంచు. దాని కింద ఉన్నది క్యాసెట్టు. తొంభై నిమిషాలది. లేబులు మీద నీ గుండ్రటి చేతిరాత, పాటల వరస, ఒక్కో పాట పక్కన నువ్వు వేసుకున్న చుక్కలు. చూడగానే వినాలనిపించింది. వినాలంటే టేపురికార్డరు కావాలి కదా. మాది ఉంది గానీ బటన్ నొక్కితే లోపల మోటారు గుర్రుమంటోందే తప్ప చక్రాలు కదలడం లేదు. విప్పి చూస్తే రబ్బరు బెల్టు తారులా కరిగి చక్రాలకి అంటుకుపోయింది. ఆ జిగురు గీకి, స్పిరిట్లో ముంచిన దూదితో తుడిచి, కొత్త బెల్టు వేసేసరికి ఒక ఆదివారం మొత్తం హరీ. వేళ్ల నలుపు రెండు రోజులు వదల్లేదు.

టేపుని తాకి పాట చదివే హెడ్డు కూడా తుడిచాను. దూదికి ఇటుక పొడి రంగులో మరక అంటింది. అదేమిటో తెలుసా? టేపు మీద పూసే ఐరన్ ఆక్సైడ్. అంటే ఒక రకం తుప్పు. మనం అంత అపురూపంగా దాచుకున్న పాటలన్నీ తుప్పు మీద రాసుకున్నవేరా! ఆ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులో సగం ఒక వైపు పాటలకి, సగం రెండో వైపు పాటలకి. సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. ఆ లెక్కన నీ తొంభై నిమిషాల క్యాసెట్టులో ఇటూ అటూగా 130 మీటర్ల టేపు ఉండాలి. ఓసారి మా రికార్డరు నమిలేసినప్పుడు నువ్వూ నేనూ గది ఈ మూల నుంచి ఆ మూల దాకా పరుచుకుని, మడతలు వేలితో సాపు చేసి, పెన్సిలు దూర్చి తిప్పీ తిప్పీ మళ్లీ లోపలికి చుట్టలేదూ? ఒకచోట మెలిక పడినట్టు గమనించలేదు మనం. అక్కణ్ణుంచి పాట వెనక నుంచి ముందుకి, గొంతులో గుడ్డ కుక్కినట్టు వినపడింది. నువ్వు దయ్యం పట్టిందన్నావు. నిజానికి టేపు తిరగబడి, రెండో వైపు పాట వెనక్కి నడిచింది.

ఇక విన్నాను. ముందు ఆ బుస్సుమనే చప్పుడు. తర్వాత, పాట మొదలవడానికి ఒక్క క్షణం ముందు, అదే పాట ఎక్కడో దూరంగా సన్నగా వినపడి పోయింది. నీకు గుర్తుందో లేదో, చిన్నప్పుడు కూడా అది వినేవాళ్లం. చుట్టలో టేపు పొరలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి కదా, పక్క పొర మీది పాట దీని మీదికి కొంచెం అంటుకుంటుందట. ఇన్నేళ్లు కదలకుండా పడి ఉంది, మరి కాస్త గట్టిగానే అంటింది.

నిజం చెప్పొద్దూ, ధ్వని ఘోరంగా ఉంది. "అప్పటి సౌండే వేరు" అని కొందరు అంటుంటారే, వాళ్లతో నాకు పేచీ. క్యాసెట్టు తయారుచేసిన జట్టుకి పెద్ద లూ ఒట్టెన్స్ అని ఫిలిప్స్ ఇంజనీరు. కోటు జేబులో పట్టాలని చెక్కముక్క ఒకటి చెక్కించుకుని, మెషీను దానికంటే పెద్దది కాకూడదని పట్టుబట్టాడట. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించారు. ఆ మహానుభావుడే తర్వాత సీడీ పనిలోనూ చెయ్యి వేశాడు. కన్నవాడికే లేని మమకారం మనకెందుకు చెప్పు!

అయినా రెండు వైపులూ పూర్తిగా విన్నాను. ఎందుకంటే రెండో పాట మధ్యలో నువ్వు దగ్గావు. గుర్తొచ్చిందా? రేడియో ముందు టేపురికార్డరు పెట్టి, ప్లే, రికార్డు రెండూ కలిపి నొక్కి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని నీ ఆర్డరు. అనౌన్సరు మాటలు ఎప్పుడు ఆపుతాడో, పాట ఎప్పుడు ఎత్తుకుంటుందో తెలియక, పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని నువ్వు పడే టెన్షను! ఈ క్యాసెట్టులో మూడు పాటలకి పల్లవి మొదటి మాట లేదు. నాలుగో పాటలో వంటింట్లో గిన్నె పడింది. వెంటనే మీ అమ్మగారు చాలా మెల్లగా, "అయ్యో, రికార్డయిపోయిందేమోరా" అన్నారు. ఆ ఒక్క మాట దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, ఎన్నిసార్లు విన్నానో. ఆ పాటలన్నీ ఇప్పుడు ఫోన్లో దొరుకుతాయి, కడిగిన ముత్యాల్లా. ఏ ఫోన్లోనూ గిన్నె పడదు.

అన్నట్టు, మీ బంధువులెవరో తెచ్చిన వాక్‌మన్‌కి రెండు ఇయర్‌ఫోన్ రంధ్రాలు ఉంటే, ఒకటి చెడిపోతే ఇంకోటని మనం అనుకున్నాం కదా. అది కాదట. 1979లో సోనీ మొదటి వాక్‌మన్ తెచ్చినప్పుడు, ఒక్కళ్లే చెవుల్లో పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్లకి మర్యాదగా ఉండదని కంపెనీ పెద్ద అకియో మొరీతా బెంగపడ్డాడట. అందుకని ఇద్దరికీ రెండు రంధ్రాలు. పాట వింటూనే మాట్లాడుకోవడానికి ఒక నారింజ రంగు బటను, మైకు కూడా పెట్టారు. మన దగ్గర ఇయర్‌ఫోను ఒక్కటే ఉండేది కాబట్టి చెరో చెవికి పెట్టుకుని తలలు ఆనించుకున్నాం. నీ జుట్టుకి రాసిన నూనె నా చెవికి అంటేది.

వీసీఆర్, సినిమా క్యాసెట్లు, ఇంటి నిండా జనం, అదంతా మళ్లీ ఇంకో ఉత్తరం. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

రెండో వైపు ఆఖరి పాట. నువ్వు మూడు చుక్కలు పెట్టుకున్నది. దాని మీద ఎవరూ వేరే రికార్డు చెయ్యకుండా వెనకవైపు ప్లాస్టిక్ పెచ్చులు రెండూ విరగ్గొట్టి, "ఇంక దీన్ని దేవుడు కూడా చెరపలేడు" అని నాకు వారం రోజులకి అరువిచ్చావు. తిరిగిచ్చాక వింటే ఆ పాట చోట ఏమీ లేదు. మీ తమ్ముడే చేశాడని వాడి వీపు చితక్కొట్టావు. వాడు ఏడుస్తూ మా ఇంటికే వచ్చాడు. నేను వాడిని ఓదార్చాను కూడా.

నేనేరా. ఆ పెచ్చు విరిగిన చోట సెల్లోటేపు ముక్క అంటించి రికార్డు చేశాను. నా గొంతు క్యాసెట్టులో ఎలా ఉంటుందో చూద్దామన్న దురద. పాడి, విని, సిగ్గుతో చచ్చిపోయాను. అది నీ చెవిన పడితే ఇంకేమన్నా ఉందా! అందుకని మైకు పెట్టే రంధ్రంలో ఉత్త పిన్ను గుచ్చి, లోపలి మైకు నోరు మూయించి, నా పాట మీద నిశ్శబ్దం రికార్డు చేశాను. సెల్లోటేపు పీకేశాను గానీ దాని జిగురు మరక ఇప్పటికీ ఉంది, గోధుమరంగులో, నలుచదరంగా. నువ్వు దాన్ని ఎలా చూడలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తమాషా ఏమిటంటే, ఆ నిశ్శబ్దం కూడా ఒక్క క్షణం ఆలస్యంగా మొదలెట్టానని మొన్న తెలిసింది. ముందు పాట అయిపోగానే ఖట్‌మని చప్పుడు, తర్వాత ఎవడో పెద్ద గాయకుడిలా గొంతు సవరించుకోవడం, మళ్లీ ఖట్. ఆ తర్వాత బుస్సు. అంతే మిగిలింది నా కచేరీ.

క్యాసెట్టు ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. మీ ఇంట్లో టేపురికార్డరు పనిచేస్తోందా? లేకపోతే బెల్టు ఎలా మార్చాలో నేనొచ్చి చూపిస్తాను. పెన్సిలు ఒకటి కూడా కవర్లో పడేశాను, గుండ్రటిది కాదు, పలకలున్నదే. ముందు మీ తమ్ముడికి వినిపించు. వాడు ఏం తిట్టాడో ఒక్క ముక్క వదలకుండా రాయి.

నీ
పాత దొంగ