శారదకు, ఆ పెద్ద హాలు గురించి

చిరంజీవి శారదకు నాన్న ఆశీస్సులు.

నీ దగ్గర నుంచి కబురు లేక చాలా కాలమైంది. పిల్లల వసతి కేంద్రంలో చిన్న చిన్న ఇళ్లు మానేసి, ఖర్చు తగ్గుతుందని ఒకే పెద్ద హాలు కట్టిస్తున్నావని రాజు బాబాయి చెప్పాడు. అది అలా ఉంచు, ముందు ఇటుకల సంగతి రాస్తాను.

కాల్చకుండా యంత్రంతో ఒత్తే మట్టి ఇటుకలను ఎంచుకోవడం నాకు నచ్చింది. బట్టీ కోసం బొగ్గు తగలబెట్టే పని ఉండదు. అయితే మట్టిలో బంక ఎక్కువైతే ఇటుక ఆరేటప్పుడు పగులుతుంది కనుక ఇసుక కలిపించు. 5 నుంచి 10 శాతం సిమెంటు వేసినా, మూడు నాలుగు వారాలు తడి ఆరకుండా కప్పి ఉంచకపోతే బలం రాదు. మేస్త్రీ తొందరపెడితే వినకు. పునాది రాతితో ఎత్తుగా లేపి, చూరు బాగా ముందుకు దింపించు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్ల నీళ్లు. కొంత వృథా పోయినా తక్కినవి తొట్టికి మళ్లించవచ్చు. పిల్లలు తిరిగే చోటు, తొట్టికి మూతా తాళమూ మరచిపోకు.

ఇంతకీ ఆ హాలు నిజమేనా? నేను చదువుకున్న వసతి గృహంలో అందరికీ ఒకటే హాలు. మరుగుదొడ్లు ఆవరణకు ఆ చివర, దారిలో దీపం ఉండేది కాదు, వార్డెను గది గేటు పక్కన. మాలో అందరికంటే చిన్నవాడు, తల్లిదండ్రులు లేనివాడు, సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసేవాడు. ఎండాకాలంలో కళ్లు తిరిగి పడిపోయాక వైద్యుడు గుచ్చి గుచ్చి అడిగితే, రాత్రి ఆ చీకట్లో నడవాలంటే భయమని చెప్పాడు. అప్పటి నుంచి మేము వంతులు వేసుకుని తోడు వెళ్లాము. పిలిస్తే పలికేంత దూరంలో పెద్దవాళ్లెవరూ పడుకునేవారు కాదు. అందుకే చెబుతున్నాను, మట్టిగోడ భూమికి మేలే గాని, ఆ గోడ అవతల పెద్దవాళ్లు ఒకరు ఉంటేనే పిల్లలకు నిద్ర పడుతుంది. తల్లిదండ్రుల సంరక్షణ లేని పిల్లల కోసం 2009లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన మార్గదర్శకాలు కూడా ఇలాంటి కేంద్రాలు చిన్నవిగా, కుటుంబ వాతావరణానికి వీలైనంత దగ్గరగా ఉండాలనే చెబుతున్నాయి. డబ్బు చాలకపోతే రెండు ఇళ్లే ముందు కట్టు, తక్కినవి తరువాత చూడవచ్చు. మరుగుదొడ్డి మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉండాలి.

ఎండలో తలకు గుడ్డ కట్టుకో, రాత్రులు లెక్కలు చూస్తూ కూర్చోకు. అమ్మ రోజూ నీ గురించే అడుగుతోంది. ఆ గదుల ప్లాను ఈ వారంలో పంపించు, హాలు ఉన్నా సరే.

మీ నాన్న