పన్నులో ఏ మందు పెట్టారో బిల్లులో రాయాలి

సంపాదకుడు గారికి,

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, మా ఊళ్లో పళ్ల క్లినిక్కుల ఫ్లెక్సీలు లేస్తాయి. ఆ పైపై మెరుగుల సంగతి అలా ఉంచండి. దెబ్బ తగిలి జీవం పోయి, రూట్ కెనాల్ చేశాక కూడా నల్లగా మిగిలిపోయిన ముందుపన్నుకు చేసే బ్లీచింగ్ గురించి ఈ లేఖ. ఇందులో చాలాసార్లు మందును పన్ను లోపలే పెట్టి, తాత్కాలికంగా మూసి ఇంటికి పంపుతారు. కొద్ది రోజులకోసారి మారుస్తారు. పన్నును అరగదీసి క్యాప్ వేయడం కంటే ఇదే మేలు, కాదనను.

మా తమ్ముడి కూతురికి ఇలాగే చేశారు. ఏం పెట్టారని అడిగితే ‘వైటెనింగ్ మందండీ, ఏం కాదు’ అన్నారట. బిల్లులో ‘బ్లీచింగ్’ అన్న ఒక్క ముక్కే ఉంది. ఇప్పుడు వేరే ఊళ్లో చూస్తున్న డాక్టరేమో ఏ మందు, ఎంత శాతం అని అడుగుతున్నారు. మా దగ్గర జవాబు లేదు.

నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. ఈ పనికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నది 30–35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండ్లు కడగడానికి మందుల షాపులో అమ్మేది సాధారణంగా 6 శాతమే. 35 శాతం ద్రవం చర్మానికి తగిలితే తెల్లగా కాలుతుంది, చిగురుకైనా అంతే. పైకి కనిపించే ఆ కాలుడు కంటే నాకు ఎక్కువ భయం లోపలి సంగతే. డెంటిన్‌లోని (పన్ను పైపెంకు కింద ఉండే గట్టి భాగం) సన్నని గొట్టాల గుండా పెరాక్సైడ్ పన్ను వేరు బయటికి చేరితే, చిగురు కింద వేరు కరగడం మొదలుకావచ్చు. మొదట్లో నొప్పి ఉండదు, ఎక్స్‌రేలోనే బయటపడుతుంది. ఇలాంటి కేసులను 1979లోనే దంతవైద్యులు ప్రచురించారు. మందుకు వేడి తగిలించే పాత పద్ధతిలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే బ్లీచ్ పెట్టేముందు వేరులోని ఫిల్లింగ్ మీద సుమారు 2 మిల్లీమీటర్ల సిమెంటు పొర వేయాలి. తొందరలో వదిలేసేది ఈ పొరనే.

నీళ్లతో కలిపే సోడియం పెర్బొరేట్ పొడి ఇంతకంటే నెమ్మది మందు. అయితే సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో యూరప్ దాన్ని చేర్చింది. పన్నులో పట్టేది చిటికెడంత, దానికే టెన్షన్ పడక్కర్లేదు. గర్భిణులు మాత్రం కాన్పు అయ్యేదాకా ఆగడం నయం.

యూరోపియన్ యూనియన్ 2012 నుంచి పళ్లు తెల్లబరిచే ఉత్పత్తుల్లో పెరాక్సైడ్‌ను 6 శాతానికి పరిమితం చేసింది, 18 ఏళ్లలోపు వారికి వాడొద్దంది. దెబ్బ తగిలిన పిల్లల పన్నుకు కూడా ఇది అడ్డమని అక్కడి డెంటిస్టులే అభ్యంతరం చెప్పారు. కాబట్టి ఆ చట్టాన్ని మక్కీకి మక్కీ దించమనడం లేదు. మన రాష్ట్ర డెంటల్ కౌన్సిల్, ఔషధ నియంత్రణ అధికారులు కలిసి మూడు పనులు చేయిస్తే చాలు. మందు పేరు, శాతం బిల్లులో రాయాలి. సిమెంటు పొర వేసినట్టు కేసు షీటులో నమోదు చేయాలి. తర్వాత కొన్నేళ్లపాటు ఏటా ఎక్స్‌రే తీయించుకోవాలని పేషెంటుకు తెలుగులో రాసివ్వాలి.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి