ఎంవీపీ కాలనీలో మా నాన్నగారి ఇంటిని కాపాడినవాళ్ళకి

నిన్న రాత్రి ఆ ఇంటి కింద ఫ్లాట్ పిన్నిగారు వీడియో కాల్ చేసి, హలో కూడా అనకుండా ఫోన్ పైకి తిప్పి వాళ్ళ బాత్రూం సీలింగు చూపించారు. పొడిగా ఉంది. ఒక్క చెమ్మ మచ్చ లేదు. "చూసావా అమ్మాయ్, నాలుగు రోజులయింది, చుక్క లేదు" అన్నారు. పక్కన కూర్చున్న మా అమ్మ ఫోన్ లాక్కుని ఆ సీలింగు వైపే చూస్తూ ఏడ్చేసింది. ఆరు నెలలుగా మా ఇంట్లో నిద్ర లేదండి, మా బాత్రూం నీళ్ళు కారిన ఆ సీలింగు వల్ల. అందుకే ఇది రాస్తున్నా, ఫోన్లో థాంక్స్ చెప్తే వాళ్ళెవరూ పూర్తిగా విననివ్వరు, "చాల్లే ఊరుకో" అనేస్తారు.

మేం పూణేలో ఉంటాం. ఇల్లు విశాఖపట్నంలో. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి, ఉన్న పీఎఫ్ డబ్బులు కొంత, లోన్ కొంత కలిపి 2001లో ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తులో ఈ టూ బెడ్రూం ఫ్లాట్ కొన్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలన్నీ పోయినా ఇల్లు వదిలి రాలేదు ఆయన, కరెంటు లేని ఆ రోజుల్లో కింద పిన్నిగారింట్లో గ్యాస్ మీద వండుకుని రెండిళ్ళ వాళ్ళూ కలిసి తిన్నారట. 2021లో నాన్నగారు పోయాక అమ్మని నా దగ్గరకి తెచ్చుకున్నా. ఇల్లు అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, నాకూ మనసు రాలేదు, సరే అద్దెకి ఇద్దాం అనుకున్నాం. అద్దె అంటే నెలనెలా బ్యాంకులో పడే డబ్బు అనే అనుకున్నా అప్పుడు. కొణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక రోజు పైనే ప్రయాణం, ఆఫీసులో సెలవు, పిల్లాడి స్కూలు, అమ్మ షుగరు, ఇవన్నీ చూసుకుని బయల్దేరేసరికి అక్కడ సమస్య రెండింతలవుతుంది అని తర్వాత కదా తెలిసింది.

మొదటి దెబ్బ అద్దెకున్నాయన దగ్గర తగిలింది. ఒక బ్రోకర్ తెచ్చిన మనిషి, మేం మొహం కూడా చూడలేదు, ఫోన్లోనే మాట్లాడి 11 నెలల అగ్రిమెంటు రాసుకున్నాం, అది అయిపోయాక మళ్ళీ రాసుకోనే లేదు, అది నా పొరపాటే. 2024 చివర్లో అద్దె ఆగిపోయింది. ఒక నెల జీతం రాలేదన్నాడు, ఇంకో నెల ఇంట్లో ఎవరికో బాలేదన్నాడు, మూడో నెల నుంచి ఫోన్ ఎత్తడం మానేసాడు. బ్రోకర్ని అడిగితే నా కమిషన్ అయిపోయింది మీరూ మీరూ చూసుకోండి అన్నాడు. ఒకళ్ళు కరెంటు పీకించెయ్ అన్నారు, ఒకళ్ళు అతను లేనప్పుడు తాళం మార్చెయ్ అన్నారు, నేను కూడా కోపంలో ఆ పని చేసేదాన్నే.

అప్పుడు ఆపింది మేష్టారు. మా అపార్ట్‌మెంట్లోనే పై అంతస్తులో ఉంటారు, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, వాళ్ళ తమ్ముడుగారు వకీలు. మేష్టారు ఒకటే చెప్పారు, "అమ్మా, తాళం మారిస్తే తప్పు అతనిది కాస్తా నీదైపోతుంది, కాగితం మీద నడు." అగ్రిమెంటు గడువు దాటిపోయి నెలనెలా అద్దె తీసుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దె కింద లెక్కట, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలట. తమ్ముడుగారి చేత నోటీసు రాయించి నాకు పంపారు, నేను ఇక్కడ సంతకం పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపా. అంతటితో ఊరుకోలేదు ఆయన, ఒక ఆదివారం సాయంత్రం అతన్ని ఇంటికి పిలిచి టీ ఇచ్చి రెండు గంటలు కూర్చోబెట్టి మాట్లాడారు. అరుపుల్లేవు, బెదిరింపుల్లేవు. అతనికి నిజంగానే ఉద్యోగం పోయిందని అప్పుడు తెలిసింది మాకు. అడ్వాన్సులో రెండు నెలలు పట్టుకుని, మిగతా రెండు నెలలు నేను వదిలేసుకునేట్టు, నెలాఖరుకి అతను ఖాళీ చేసేట్టు ఒప్పించారు. మాట ప్రకారం ఖాళీ చేసాడు. కోర్టుకెళ్తే ఎన్నేళ్ళు పట్టేదో, రెండు నెలల అద్దె పోతే పోయింది. మేష్టారూ, ఆ రోజు మీరు నన్ను కోపంలోంచి బయటికి లాగారు, మర్చిపోను.

ఇక అసలు కథ నీళ్ళది.

ఖాళీ చేసాక కొత్తవాళ్ళు వచ్చారు, మంచి పిల్లలు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలే. వాళ్ళు దిగిన నెలకి కింద పిన్నిగారి బాత్రూం సీలింగులో చెమ్మ మొదలైంది, తర్వాత చుక్కలు, తర్వాత ఒకరోజు గీజరు పక్కన పెచ్చు ఊడి కింద పడింది. లోపల ఊచ కనిపిస్తోంది, ఎర్రగా తుప్పు. సముద్రం పక్కన ఊళ్ళో ఉన్నవాళ్ళకి తెలుసు కదా, ఆ ఉప్పు గాలికి ఇనుము మామూలుగానే నిలవదు, దానికి పైనుంచి నీళ్ళు కూడా తోడైతే తుప్పు ఉబ్బి కాంక్రీటుని బయటికి నెట్టేస్తుంది. ఆ పెచ్చు పిన్నిగారి తల మీద పడి ఉంటే అని ఇప్పటికీ భయమేస్తుంది నాకు.

ఇక్కడ ఆలోచించండి. నష్టం ఆవిడది. నీళ్ళు మా ఇంటివి. ఆవిడ అసోసియేషన్లో కంప్లైంటు పెట్టొచ్చు, నన్ను నానా మాటలూ అనొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆవిడేం చేసారో తెలుసా, "నువ్వు పరిగెత్తుకు రాకమ్మా, పిల్లాడికి పరీక్షలు కదా, మేం లేమా ఏటి?" అన్నారు. బాత్రూంలో బకెట్ పెట్టుకుని, పైన బట్ట కట్టుకుని, మూడు వారాలు వాళ్ళ చిన్న బాత్రూమే అందరూ వాడుకుంటూ గడిపారు.

నేను ఇక్కణ్ణుంచి ఫోన్లో పట్టుకున్న ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, రెండు బాత్రూంలూ మొత్తం పగలగొట్టాలి, 1,10,000 అవుతుంది, సగం ఇప్పుడే వెయ్యండి అన్నాడు. నేను వెయ్యబోతున్నా కూడా, దూరాన ఉన్నప్పుడు అంతేనండి, అవతలివాడు ఏం చెప్తే అదే నిజం, మనం వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టి చూడలేం. పిన్నిగారే ఆపారు. "ఒక్క రోజు ఆగు, మన ప్లంబరు తమ్ముడొస్తాడు" అని.

ఆ తమ్ముడు రావడమే సుత్తి పట్టుకోలేదు. ముందు రాత్రంతా మా బాత్రూంకి వచ్చే వాల్వు కట్టేసి చూసాడు. తర్వాత వాల్వు తెరిచి ఎవరూ స్నానం చెయ్యకుండా చూసాడు, చుక్క పడలేదు. అంటే నీళ్ళొచ్చే పైపు బాగానే ఉంది, పోయే దారిలోనే ఎక్కడో ఉంది అన్నాడు. అప్పుడు పిన్నిగారు బట్టలకి పెట్టే నీలిమందు సీసా తెచ్చిచ్చారు. అది బకెట్ నీళ్ళలో కలిపి మా బాత్రూం నేలలో నీళ్ళు పోయే కన్నంలో, అదే నానీ ట్రాప్‌లో పోసి కింద టార్చిలైటు పట్టుకుని కూర్చున్నారు ఇద్దరూ. దాదాపు మూడు గంటలకి సీలింగు నుంచి నీలంగా ఒక చుక్క రాలింది. ఆ ఫోటో నా ఫోన్లో ఇంకా ఉంది, తీసెయ్యను.

ట్రాప్ జాయింటు పోయిందంతే. ఆ మూల మాత్రం రెండడుగులు పగలగొట్టి, లోపల నానిపోయిన ఇటుక ముక్కలన్నీ తీసేసి, కొత్త ట్రాప్ పెట్టి, వాటర్ ప్రూఫింగ్ వేసి, ఆరనిచ్చి, మళ్ళీ పూడ్చాడు. తర్వాత కన్నం మూసేసి 24 గంటలు నీళ్ళు నిలబెట్టి పరీక్ష పెట్టాడు. కింద పిన్నిగారి సీలింగులో ఊచకి తుప్పు గీకి, ప్రైమరు కొట్టి ప్లాస్టరింగ్ కూడా చేసాడు. అన్నీ కలిపి 16,500. ప్రతి మెట్టుకీ ఫోటో పంపాడు, కొన్న ప్రతి సామానుకీ బిల్లు పంపాడు, నేను అడగలేదు.

ఇంకో మాట చెప్పాలి. పాతికేళ్ళ నాటి టైల్స్, ఆ డిజైను ఇప్పుడెక్కడ దొరుకుతుంది, ఆ మూల అతుకులా కనిపిస్తుందని అనుకుంటున్నాం. వాచ్‌మన్ భార్య, విజయనగరం వైపు వాళ్ళు, పదేళ్ళుగా అక్కడే ఉన్నారు, ఆవిడ అంది, "అయ్యగోరు అటక మీద ఒక అట్టపెట్టి ఎట్టీసారు కదమ్మా, బరువుగా ఉంటాది, అందులో చూడండి" అని. కొత్తగా దిగిన అబ్బాయి నిచ్చెనేసుకుని ఎక్కి దింపాడు. పెట్టె నిండా అవే టైల్స్. పైన నాన్నగారి చేతిరాతతో "బాత్రూం, మిగిలినవి" అని రాసి ఉంది. ఆ పెట్టె ఫోటో చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడా మూల ఎక్కడ పగలగొట్టారో చెప్పలేం.

వాచ్‌మన్ దంపతులకి ఎంత చెప్పినా తక్కువే. పాతాయన ఖాళీ చేసిన రోజు కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి పంపింది వాళ్ళే, లేకపోతే ఆ బకాయి ఎవరిదో తేలేది కాదు. కొత్తగా ఉంటున్న ఇద్దరు పిల్లలకి కూడా, పని జరిగిన వారం రోజులూ దుమ్ములో, ఒక్క బాత్రూంతో సర్దుకున్నారు. ఆ నెల అద్దెలో 4,000 తగ్గిస్తానంటే వద్దన్నారు, నేనే బలవంతంగా తగ్గించా.

నాలా దూరంగా ఉండి ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, అగ్రిమెంటు గడువు తేదీ ఫోన్లో పెట్టుకోండి, విశాఖలో అయితే ఇంటి పన్ను ఏడాదిది ఏప్రిల్లోనే కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది, అది మీరే కట్టుకోండి, ఇంకమ్ టాక్సులో అద్దె మీద 30 శాతం మినహాయింపు రిపేరు చేయించినా చేయించకపోయినా వస్తుంది కాబట్టి దాన్ని రిపేరు డబ్బు అనుకుని పక్కన పెట్టండి, ఖర్చు పెట్టెయ్యకండి. కింద ఇంటివాళ్ళ నంబరు మాత్రం తప్పకుండా ఉంచుకోండి, సమస్య వచ్చినప్పుడే కాకుండా పండక్కి కూడా ఫోన్ చెయ్యండి. నేను మూడేళ్ళు చెయ్యలేదు. ఆ సిగ్గు నాకుంది.

పిన్నిగారూ, మీ సీలింగుకి రంగు ఇంకా వెయ్యలేదు, ఆరేదాకా ఆగమన్నాడు తమ్ముడు. సంక్రాంతికి అమ్మని తీసుకుని వస్తున్నాం, టికెట్లు తీసుకోవడం కూడా అయిపోయింది. రంగు డబ్బా మీరు కొనకండి, అది నేనొచ్చాక కొంటా. మీకిష్టమని అమ్మ ఇప్పట్నుంచే ఇక్కడి చిరుతిండి బాకర్‌వడి నాలుగు ప్యాకెట్లు కొనమని వెంటపడుతోంది, మేష్టారికి చక్కెర లేనివేమైనా చూడమంది. భోగి రోజు పొద్దున్న మీ గుమ్మంలో ఉంటాం.