తమ్ముడి పింఛను మళ్ళీ వచ్చింది: కొరిటెపాడు పెద్దాయనకు, ఎమ్మెల్యే గారికి, అందరికీ దండాలు

మొన్నటి తనిఖీలో వైకల్యం నలభై శాతం కంటే తక్కువని రాసి తమ్ముడి వికలాంగుల పింఛను ఆపేశారు, మేం అప్పీలు పెట్టుకున్నాం. డిసెంబరు 31 పొద్దున్నే సచివాలయం అమ్మాయి ఇంటికొచ్చి తమ్ముడి చేతిలో 6,000 రూపాయలు పెట్టింది. జనవరి 1 సెలవని ఒకరోజు ముందే పంచారు. ఒళ్ళు హూనమైపోయింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

మా గుంటూరులో ఈ పండగల ముందు ఎమ్మెల్యే గారు తిరగని వీధి లేదు. పొద్దున వార్డుల్లో కాలవలు చూడటం, మధ్యాహ్నం సీఎం సహాయనిధి చెక్కులు ఇవ్వడం, సాయంత్రం సెమీ క్రిస్మస్, అది కాగానే సంక్రాంతి ముగ్గుల పోటీల మాటలు. అంత హడావిడిలో మా గుమ్మం ముందు ఆగి అమ్మ చెప్పిందంతా విన్నారు. "కాగితాలన్నీ పట్టుకుని ఆఫీసుకి రండమ్మా" అన్నారు. సార్, మీకు మా ఇల్లంతా రుణపడి ఉంటుంది.

ఆఫీసుకి వెళ్ళిన రోజు అమ్మకు జ్వరం. తమ్ముణ్ణి ఎవరి దగ్గరా వదలలేక వెంట తీసుకెళ్ళాను. వాడు పుట్టినప్పటి నుంచి కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేనివాడు, ఎక్కువసేపు కూర్చోలేడు. వరండా నిండా జనం. మా టోకెను ఎక్కడో చివర. వాడు ఆకలికి మూలగడం మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్న పెద్దాయన ఏమీ అడగలేదు. తన క్యారేజీ విప్పి, పెరుగన్నం మెత్తగా పిసికి, వాడి నోట్లో ముద్దలు పెట్టారు. వాడి చేయి ఎగిరి మెతుకులన్నీ ఆయన చొక్కా మీద పడితే తువ్వాలుతో ముందు వాడి మూతి తుడిచారు, తర్వాతే తన చొక్కా. ఇంట్లో వాళ్ళం కాక ఇంకొకరు వాడికి అన్నం తినిపించడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడే, అందరి ముందూ, ఏడ్చేశాను.

ఆయన టోకెను పిలిచారు. అది నా చేతిలో పెట్టి, "నాది కాలవ పనమ్మాయ్, రేపైనా అవుద్ది. పిల్లాడు కూర్చోలేకపోతున్నాడు, ముందు మీరెళ్ళండి" అన్నారు. కొరిటెపాడు నుంచి వచ్చారట. మేం బయటికొచ్చేసరికి వెళ్ళిపోయారు.

లోపల ఎమ్మెల్యే గారు మా ముందే ఫోను చేశారు. అప్పీలు కదిలింది, మళ్ళీ పరీక్ష చేశారు, ఉన్న శాతం ఉన్నట్టు రాశారు. ఇక్కడ ఒక్క మాట అడగాలి. పుట్టుకతో వచ్చిన వైకల్యం మొన్నటి తనిఖీలో నలభై శాతం కంటే ఎలా తగ్గింది? ఆ డాక్టరు వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి కూడా చూడలేదు. సర్వర్ లేదు, వేలిముద్ర పడలేదు, ఈ కిటికీ కాదు ఆ కిటికీ అని తిప్పారు. దొంగ సర్టిఫికెట్లు ఏరేయాల్సిందే, కాదనను. కానీ మంచం దిగలేని వాళ్ళ ఇంటికే వచ్చి చూడొచ్చు కదా! ఎమ్మెల్యే గారు మా వీధికి రాకపోయి ఉంటే మా అప్పీలు ఇప్పటికీ ఏ బీరువాలో ఉండేదో. మా వీధి లాంటివి ఇంకెన్ని ఉన్నాయో.

అమ్మా నాన్నా, మా ఆయన, పిల్లల్ని చూసుకున్న వదిన, మీకు వేరే చెప్పేదేముంది.

అయ్యో, ఆటో అన్నను మర్చిపోయాను. తమ్ముణ్ణి ఎత్తి కూర్చోబెట్టి, వెయిటింగు డబ్బులు వద్దన్నాడు. కరెంటు పోతే వచ్చేదాకా షట్టరు దించకుండా ఆగి కాగితాలు తీసిచ్చిన జిరాక్స్ షాపు అబ్బాయికి కూడా. టోకెన్లు రాసే మేడం గారికీ, పేరు మారినా గొడవ చేయకుండా పిలిచారు.

ఎమ్మెల్యే ఆఫీసు వారికి ఒక మనవి. ఆ రోజు కాలవ గురించి అర్జీ తెచ్చి, టోకెను మాకిచ్చి వెళ్ళిపోయిన కొరిటెపాడు పెద్దాయన మళ్ళీ వస్తే, దయచేసి ఆయన్ని వరండాలో కూర్చోబెట్టకండి.