బాకూలో మీరు అడిగిందే మేం ఢిల్లీని అడుగుతున్నాం

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,
తిరుపతి జిల్లా నుంచి ఒక చెరువు ఆయకట్టు రైతు రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

2024 నవంబరులో బాకూలో జరిగిన కాప్‌29 (ఐక్యరాజ్యసమితి వాతావరణ) సదస్సులో మన ప్రతినిధి చాందినీ రైనా లేచి, సంపన్న దేశాలు వర్ధమాన దేశాలకి ఇచ్చే వాతావరణ నిధుల తీర్మానం ఒట్టి కనికట్టని మొహమ్మీదే చెప్పినప్పుడు మాకు సంతోషమేసింది. తీర్మానం అయిపోయిందని సుత్తి కొట్టేశాకే ఆమెకు మైకు ఇచ్చారు, అది వేరే సంగతి. వర్ధమాన దేశాలు ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు కావాలన్నాయి. సంపన్న దేశాలు ఒప్పుకున్నది 30 వేల కోట్లు, అదీ 2035 నాటికి.

అంతకుముందు మాట సంగతీ తెలిసిందే. 2020 కల్లా ఏటా 10 వేల కోట్ల డాలర్లు ఇస్తామని 2009లో కోపెన్‌హేగన్‌లో అన్నారు. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారమే అది నెరవేరింది 2022లో. ఆ ఏడాది ప్రభుత్వాల వైపు నుంచి వచ్చిన డబ్బులో దాదాపు 70 శాతం అప్పులే! వరదకి మోటరు, పైపులు కొట్టుకుపోయిన రైతుకి కొత్త అప్పు రాసిచ్చి, దాన్ని సాయం కింద పేపర్లో వేయించుకున్నట్టుంది ఇది.

మాకు కావాల్సిన డబ్బు ఎలాంటిదో రాయలచెరువును చూస్తే అర్థమవుతుంది. 2021 నవంబరు వానలకి రామచంద్రాపురం మండలంలోని ఆ పాత చెరువు నిండిపోయి, కట్ట లోంచి నీళ్లు కారడం మొదలైంది. కింది ఊళ్లని ఖాళీ చేయమన్నారు. జనం గొడ్డూ గోదా తోలుకుని మెరక చూసుకుని పోతుంటే, ఇంకోపక్క కట్టకి బస్తాలు పేరుస్తున్నారు. కట్ట నిలబడింది, మా అదృష్టం. అదే వానకి స్వర్ణముఖి పొంగి, తిరుచానూరు దగ్గర ఏటి ఒడ్డున ఒక ఇల్లు నిలువునా నీళ్లలోకి ఒరిగిపోయిన వీడియో దేశమంతా చూసింది. పడమటి మండలాల్లో కథ ఇంకోలా ఉంటుంది. అదునుకి వాన పడదు, చెనిక్కాయ వేసేవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

కట్ట గట్టిపరచడం, మొరవ (అలుగు) వెడల్పు చేయడం, తూము షట్టర్లు బాగుచేయడం, గొలుసుకట్టు చెరువుల మధ్య వంకలు తవ్వడం: వీటిలో లాభమొచ్చేది ఏదీ లేదు. సోలార్ ప్లాంటుకైతే బ్యాంకులు క్యూ కడతాయి, కరెంటు అమ్మి అప్పు తీర్చొచ్చు కాబట్టి. చెరువు కట్ట ఎవరికేం అమ్ముతుంది? అందుకే ఈ పనులకి గ్రాంటు తప్ప వేరే దారి లేదు. ప్రపంచ నిధుల్లో ఇలా వాతావరణ మార్పుని తట్టుకునే పనులకి దక్కేది ఎప్పుడూ చిన్న వాటానే. 2025లో బ్రెజిల్‌లోని బెలేం వాతావరణ సదస్సులో ఆ డబ్బుని 2035 నాటికి మూడింతలు చేయాలన్నారు గానీ, ఎవరు ఎంత ఇవ్వాలో తేల్చలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. వాతావరణ పనులకి డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి, దక్షిణ కొరియాలోని గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కి పంచాయతీ నేరుగా అర్జీ పెట్టుకోవడం కుదరదు. నాబార్డు లాంటి గుర్తింపు పొందిన సంస్థ ద్వారానే పోవాలి. పోయినా, ఈ నష్టంలో వాతావరణ మార్పు వాటా ఎంత, మీ నిర్వహణ లోపం ఎంత అని అడుగుతారు. అడగడంలో న్యాయం లేకపోలేదు. వంకలు పూడ్చి ప్లాట్లు వేసింది అమెరికా కాదు కదా, మనవాళ్లే.

అందుకే దేశంలోపలి నిధి ముఖ్యం. 2015లో మీ శాఖే జాతీయ వాతావరణ అనుసరణ నిధి (మారే వాతావరణాన్ని తట్టుకునే పనులకి డబ్బు) పెట్టింది. దేశం మొత్తానికి 30 ప్రాజెక్టులు, సుమారు 847 కోట్ల రూపాయలు. మన రాష్ట్రానికి పాడి పశువుల మీద ఒక ప్రాజెక్టు వచ్చింది. 2022 నవంబరులో ఆ నిధిని పథకాల జాబితా నుంచే తీసేశారు. బయటి దేశాలని ప్రత్యేకంగా, నికరంగా, గ్రాంటు రూపంలో ఇమ్మని అడుగుతున్న మనం, ఇంట్లో ఉన్న ఆ కాస్త నిధినీ ఎందుకు వదిలేసినట్టు?

టర్కీలోని అంటాల్యాలో జరగాల్సిన కాప్‌31లో అప్పుల్ని సాయం లెక్కలో కలపొద్దని మీరు పట్టుబట్టండి. 2015లో మన ఆర్థిక శాఖ ఓఈసీడీ లెక్కల్ని ఏకిపారేసింది, ఇప్పుడూ అంత గట్టిగానే ఉండాలి. బయల్దేరే ముందు మాత్రం మూడు పనులు చేయండి. అనుసరణ నిధిని మళ్లీ తెరిచి, అందులో చెరువులకి ఒక పద్దు పెట్టండి. నీటి సంఘాలు, పంచాయతీలు జిల్లా కలెక్టరు ద్వారా నేరుగా అడిగే వీలివ్వండి. ఆ 30 ప్రాజెక్టుల్లో ఏది పూర్తయింది, ఏది ఆగింది, ఎంత ఖర్చయిందో తెలుగులో కూడా పెట్టండి. వంకల ఆక్రమణల జాబితా ఇవ్వాల్సింది మేమే, రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగి అది మేం తెప్పిస్తాం.

ఇట్లు,
రామచంద్రాపురం మండలం నుంచి ఒక రైతు